బస్సు టికెట్ల సైటు: టాక్‌బ్యాక్‌తో సీటు ఎంచుకోలేకపోతున్నారు, వీల్‌చెయిర్ వాళ్లకి మేం సరైన జవాబు చెప్పలేకపోతున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

పల్నాడు_రూట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పల్నాడు వైపు నుంచి హైదరాబాద్‌కీ బెంగళూరుకీ రాత్రి సర్వీసులు నడిపే ఒక చిన్న ట్రావెల్స్‌కి టికెట్ల సైటు చూసే పని నాది. బస్సులు మొత్తం తొమ్మిది. అయిదు ఏసీ స్లీపర్లు (2+1, 36 బెర్తులు), నాలుగు సీటర్లు (2+2). సైటు తెలుగులోనే తెరుచుకుంటుంది, కావాలంటే ఇంగ్లిష్‌కి మార్చుకోవచ్చు.

వస్తున్న ఫిర్యాదులు ఇవి. చూపులేని ప్రయాణికులు ఊరి పేర్లూ తేదీ ఎలాగో నింపుకుని సీట్ల పటం దాకా వస్తున్నారు. అక్కడ ఫోనులోని టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) "బటన్, బటన్" అనడం తప్ప ఇంకేమీ చెప్పడం లేదట. ఒకవేళ ఎవరైనా సాయం చేసి సీటు నొక్కినా, ఏడు నిమిషాల్లో డబ్బు కట్టకపోతే సీటు పోతుంది, మళ్లీ మొదటికి. వీల్‌చెయిర్ వాడేవాళ్లు ఫోన్ చేసి "మీ బస్సు ఎక్కగలమా?" అని అడిగితే కౌంటర్లో కుర్రాళ్లు "ఏం పర్లేదు, రండి, ఎక్కిస్తాం" అనేస్తున్నారు. తీరా వచ్చాక తలుపు దగ్గర అందరికీ ఇబ్బంది. వినపడనివాళ్లకి డ్రైవరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు, వాళ్లు ఎత్తరు, బస్సు వెళ్లిపోతోంది.

నా దగ్గర ఉన్నది ఒక డెవలపరు, ఒక నెల. మూలన చిన్న బొమ్మలా కూర్చునే "యాక్సెసిబిలిటీ విడ్జెట్" ఒకటి ఏడాది చందాకి అమ్ముతామని ఒకరు వచ్చారు. అది పెట్టుకుంటే సరిపోతుందా, లేక కోడు ముట్టుకోవాల్సిందేనా? బస్సుల్లో ఏం మార్చాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

చుక్కల_లిపి

విడ్జెట్ వద్దండీ. అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు తిప్పడం, చదివి వినిపించడం ఇవన్నీ చూపులేనివాళ్ల ఫోన్లో ముందే ఉన్నాయి. మీ బటన్‌కి పేరు లేకపోతే ఆ పేరేమిటో విడ్జెట్‌కి మాత్రం ఎలా తెలుస్తుంది? అలాంటి విడ్జెట్ ఏ సైటునైనా ప్రమాణాలకి సరిపోయేలా చేసేస్తుందని ప్రచారం చేసుకున్నందుకు యాక్సెసిబీ అనే సంస్థను 10 లక్షల డాలర్లు కట్టమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ఆదేశించింది. ఆ చందా డబ్బు మీ డెవలపరుకే ఇవ్వండి.

ముందు సీట్ల పటం. మిగతావన్నీ దాని తర్వాతే, ఎందుకంటే అక్కడ ఆగిపోయినవాడికి మిగతా సైటు ఎంత బాగున్నా ఒకటే.

టాక్‌బ్యాక్ పెట్టుకుని ఆ పేజీలో వేలిని కుడివైపుకి ఒక్కొక్కసారి జరుపుతూ వెళ్లండి. ఇప్పుడు వినపడేది "లేబుల్ లేని బటన్, లేబుల్ లేని బటన్". వినపడాల్సింది ఇది: "ఎల్ 7, ఖాళీ, కింది బెర్తు, సింగిల్, కిటికీ పక్క, 950 రూపాయలు, బటన్." ఆ వరస ఊరికే పెట్టింది కాదు. నంబరు తర్వాత వెంటనే "ఖాళీ" లేదా "అమ్ముడైంది" రావాలి. అమ్ముడైన బెర్తని తెలిసిన మరుక్షణం వినేవాళ్లు వేలు జరిపేస్తారు, మిగతాది వినరు. ధర ముందు పెట్టి "ఖాళీ" చివర పెడితే 36 బెర్తులకీ 36 సార్లు పూర్తి వాక్యం వినాలి.

సీట్లు మామూలు డివ్‌లతో (పేజీలో ఉత్త పెట్టెలతో) గీసి, పైన క్లిక్, బటన్ అన్న గుర్తు మాత్రం తగిలించి ఉంటారు. వాటిని నిజమైన బటన్లుగా మార్చండి. ఎంచుకున్నదీ లేనిదీ ఏరియా-ప్రెస్డ్‌తో చెప్పండి (ఏరియా, ARIA, అంటే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి సంగతి చెప్పే కోడు గుర్తులు). అమ్ముడైనవాటిని రంగు మార్చి వదిలేయకుండా ఏరియా-డిజేబుల్డ్ పెట్టండి. స్త్రీలకు కేటాయించిన సీటుకి గులాబీ రంగు ఒక్కటే గుర్తయితే అది చూపులేనివాళ్లకే కాదు, రంగులు తేడా తెలియనివాళ్లకీ అందదు. లేబుల్లో "స్త్రీలకు మాత్రమే" అని ఉండాలి, పటం మీద కూడా చిన్న గుర్తో అక్షరమో ఉండాలి.

ఇంకో చోట దాదాపు అందరూ తప్పుతారు, చదివే వరస. పటం కంటికి అందంగా రావాలని కోడులో బెర్తుల్ని నిలువు వరసల్లో పేరుస్తారు. చూసేవాళ్లకి ఏమీ తెలియదు, వినేవాళ్లకి మాత్రం ఎల్ 1, ఎల్ 4, ఎల్ 7 అని గెంతుతూ వస్తాయి. తలుపు దగ్గర నుంచి వెనక్కి, వరస తర్వాత వరస, కోడులోనే అలా ఉండాలి. "కింది బెర్తులు", "పై బెర్తులు" అన్న రెంటికీ హెడింగులు పెట్టండి. టాక్‌బ్యాక్‌లో హెడింగుల మీద గెంతే వీలుంది కాబట్టి పై బెర్తులు వద్దనుకున్నవాళ్లు వాటి జోలికే పోరు.

పటం పైన "ఖాళీ సీట్లు జాబితాగా చూపించు" అని ఒక బటన్ పెడితే ఇంకా మేలు. అది అందరికీ కనపడేలా ఉండాలి. "అంధుల కోసం" అని వేరే పేజీ చేయకండి. వేరే పేజీలో ధరలు ఆరు నెలలకి ఎవరూ మార్చరు.

సీటు నొక్కగానే "ఎల్ 7 ఎంచుకున్నారు, మొత్తం 950 రూపాయలు" అని ఒక్కసారి వినపడాలి. దీనికి ఏరియా-లైవ్ పొలైట్ ఉన్న పెట్టె కావాలి. ఆ పెట్టె పేజీ తెరిచినప్పటి నుంచీ ఖాళీగా ఉండాలి, మాట తర్వాత అందులోకి రావాలి. పెట్టెనీ మాటనీ ఒకేసారి పేజీలోకి దించితే చాలాసార్లు అసలు పలకదు. కోడు రాసినవాళ్లు "పెట్టాం కదా, ఎందుకు మాట్లాడటం లేదు" అని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

తెలుగు సంగతులు కొన్ని ఉన్నాయి. పేజీ మొదటి ట్యాగులో భాష తెలుగు అని చెప్పాలి. ఎక్కడి నుంచో తెచ్చిన టెంప్లేట్‌లో భాష ఇంగ్లిష్ అనే ఉండిపోతుంది, అప్పుడు ఇంగ్లిష్ గొంతు తెలుగు అక్షరాల్ని పలకబోయి తడబడుతుంది లేదా మొత్తం దాటేస్తుంది. భాష మార్చే బటన్ నొక్కినప్పుడు అది కూడా మారాలి. "రూ.950/-" కంటికి బాగానే ఉంటుంది, చెవికి "రూ" అనో, చుక్కా గీతా కలిపో వినపడుతుంది. లేబుల్లో "950 రూపాయలు" అని రాయండి. టికెట్ నంబరు 48213067 అనుకోండి, గొంతు దాన్ని "నాలుగు కోట్ల ఎనభై రెండు లక్షల పదమూడు వేల అరవై ఏడు" అని చదువుతుంది. దాన్ని కండక్టరుకి ఎవరు చెప్పగలరు? 48 21 30 67 అని రెండేసి అంకెలుగా విడదీసి రాస్తే మనం ఫోన్ నంబరు చెప్పుకున్నట్టే పలుకుతుంది. సీఎస్ఎస్‌తో (పేజీ రూపు దిద్దే కోడుతో) అంకెల మధ్య ఎడం పెంచితే కుదరదు, నిజంగా ఖాళీ ఉండాలి. అలా ఖాళీలతో టైపు చేసినా మీ వెతికే పెట్టె తీసుకోవాలి.

రద్దు నియమాలు అను ఫాంట్లలో కొట్టించిన పీడీఎఫ్‌లో ఉన్నాయా? ఉంటే అవి చూపులేనివాళ్లకి లేనట్టే. కంటికి తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. గొంతు అవే చదువుతుంది. యూనికోడ్‌లో మళ్లీ కొట్టించి మామూలు పేజీగా పెట్టండి, పీడీఎఫ్ అవసరమే లేదు.

కోడ్_కొలిమి

పైన చెప్పినదానికి తోడు, డబ్బు కట్టే దారిలో ఇరుక్కునే చోట్లు రాస్తున్నాను.

ఏడు నిమిషాల గడువు ఉండొచ్చు, తీసేయక్కర్లేదు. కానీ పొడిగించుకునే వీలుండాలి. డబ్ల్యూసీఏజీ (సైట్లు వికలాంగులకీ అందేలా చేసే అంతర్జాతీయ ప్రమాణం) నియమం ప్రకారం గడువు ముగిసేముందు హెచ్చరించి, కనీసం 20 సెకన్లు టైమిచ్చి, ఒక్క నొక్కుతో పొడిగించనివ్వాలి, అలా కనీసం పదిసార్లు. మీ సీట్లు అన్నిసార్లు పట్టి ఉంచడం కష్టమనిపిస్తే ఇంకో దారి ఉంది. గడువును మొదటే మామూలుకన్నా పదిరెట్లు పెంచుకునే వీలివ్వండి, లేదా గడువు అయిపోయినా నింపిన పేర్లూ వయసులూ పోకుండా దాచి, సీటు ఒక్కటే మళ్లీ ఎంచుకోమనండి. ఈ రెండోది నియమాన్ని పూర్తిగా తీర్చదు గానీ ఫిర్యాదుల్లో చాలాభాగం ఆగిపోతుంది. సెకన్లు లెక్కపెట్టే గడియారాన్ని మాత్రం లైవ్ పెట్టెలో పెట్టకండి. ప్రతి సెకనూ "ఆరు నిమిషాల యాభై తొమ్మిది, ఆరు నిమిషాల యాభై ఎనిమిది" అని వాగుతూనే ఉంటుంది, మనిషి ఇంకేదీ వినలేడు. రెండు నిమిషాలున్నప్పుడు ఒకసారి, ఒక నిమిషమున్నప్పుడు ఒకసారి చెబితే చాలు.

ఓటీపీకి ఆరు వేర్వేరు గళ్లు తీసేసి ఒకే పెట్టె పెట్టండి. ఆరు గళ్లలో ఒక అంకె కొట్టగానే కర్సరు తర్వాతి గడిలోకి దూకుతుంది, టాక్‌బ్యాక్ ఆ గడి పేరు చదివేలోపు వేలు ఇంకో అంకె మీద ఉంటుంది. తప్పు పడితే ఎక్కడ పడిందో తెలియదు. ఒకే పెట్టెకి ఆటోకంప్లీట్ "వన్-టైమ్-కోడ్" అని ఇస్తే మెసేజ్‌లో వచ్చిన నంబరును చాలా ఫోన్లు వాటంతట అవే అందిస్తాయి. వంకర అక్షరాల క్యాప్చా ఉంటే తీసేయండి. ఓటీపీ వచ్చాక అది దేనికి?

యూపీఐ దగ్గర క్యూఆర్ కోడు ఒక్కటే చూపించే పేజీలు చూస్తుంటాం. ఏ ఫోన్లో బుక్ చేస్తున్నారో ఆ ఫోన్లోనే క్యూఆర్ ఉంటే దాన్ని కెమెరాతో ఎవరూ స్కాన్ చేయలేరు, చూపున్నా లేకున్నా. యాప్ తెరిచే బటన్ పైన పెట్టండి, క్యూఆర్ కింద.

తేదీ ఎంచుకునే క్యాలెండరు మీరే తయారుచేసుకున్నది అయితే దాన్ని తీసేసి బ్రౌజరు ఇచ్చే మామూలు తేదీ పెట్టె వాడండి. సొంత క్యాలెండర్లలో గడి మీదకి వెళ్తే "15" అని మాత్రమే వస్తుంది, ఏ నెలో ఏ వారమో రాదు. ఊరి పేరు దగ్గర రాజమండ్రి అన్నా రాజమహేంద్రవరం అన్నా, బెజవాడ అన్నా విజయవాడ అన్నా దొరకాలి. మాటతో టైపు చేసేవాళ్లు నోటికి వచ్చిన పేరే చెబుతారు.

చూపు మందగించినవాళ్ల సంగతి ఎవరూ అడగరు, వాళ్లు అసలు చూపులేనివాళ్లకన్నా ఎక్కువమంది. తెల్లని పేజీ మీద #999999 బూడిద రంగు అక్షరాలకి కాంట్రాస్ట్ 2.85 మాత్రమే, కావాల్సింది కనీసం 4.5. #767676 పెడితే సరిపోతుంది. తెలుగులో ఇంకో చిక్కు, బటన్ ఎత్తును పిక్సెళ్లలో బిగించేస్తే అక్షరాలు పెద్దవి చేసుకున్నప్పుడు కింద ఒత్తులు తెగిపోతాయి. "రద్దు" కాస్తా "రదు" అవుతుంది, "స్త్రీ" ఏమవుతుందో చూడండి. ఎత్తు బిగించకండి, లైన్-హైట్ (వరస ఎత్తు) 1.6కి తగ్గనివ్వకండి, అక్షరాలు 200 శాతానికి పెంచి ప్రతి పేజీ ఒకసారి చూసుకోండి. పటంలో బెర్తు గళ్లు వేలికి అందాలి. ఆండ్రాయిడ్ వాళ్లు చెప్పే కొలత 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీద కొలిచే ప్రమాణం). 36 బెర్తులు చిన్న తెరలో పట్టవని గళ్లు నలిపేస్తారు. అలా చేయకుండా పటాన్ని కిందికి జరిగేలా వదిలేయండి.

పరీక్షకి డబ్బు అక్కర్లేదు. ఆండ్రాయిడ్లో టాక్‌బ్యాక్ ఉండనే ఉంది, సెట్టింగుల్లో షార్ట్‌కట్ ఆన్ చేసి రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కితే మొదలవుతుంది. తెలుగు గొంతు దించుకోండి. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర చదివి వినిపించేది) ఉచితం. అందులో ఇన్సర్ట్‌తో ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులూ హెడింగులూ బటన్లూ జాబితాగా వస్తాయి, పేరు లేనివి అక్కడే దొరికిపోతాయి. డెవలపరు తెర వెలుగు పూర్తిగా తగ్గించి, చెవితో మాత్రమే, ఊరి పేరు నుంచి టికెట్ దాకా ఒక బుకింగ్ చేయాలి. ఆ తర్వాత రోజూ స్క్రీన్ రీడర్ వాడే ఇద్దరు ముగ్గురిని పిలిచి, వాళ్ల టైముకి డబ్బిచ్చి చేయించండి. కొత్తగా నేర్చుకున్నవాడు చేసే పరీక్షకీ పదేళ్లుగా వాడేవాళ్ల పరీక్షకీ చాలా తేడా.

ఆరో_మెట్టు

వీల్‌చెయిర్ భాగం చెబుతాను. కౌంటర్లో "పర్లేదు రండి" అనే మాట ముందు ఆపించండి. నడుం కింద స్పర్శ లేని మనిషి ఇద్దరు తెలియనివాళ్ల చేతుల్లో ఇరుకు తలుపులోంచి వెళ్లాలా వద్దా అన్నది ఆ మనిషి తేల్చుకోవాలి. దానికి కావాల్సినవి సెంటీమీటర్లు.

టేపు తీసుకుని ప్రతి రకం బస్సులో ఇవి కొలవండి: నేల నుంచి మొదటి మెట్టు ఎత్తు, మెట్లు ఎన్ని, ఒక్కోటి ఎంత, తలుపు తెరిచాక అడ్డాలు లేకుండా మిగిలే వెడల్పు, లోపల నడవ వెడల్పు (హ్యాండిళ్ల దగ్గర, అంటే అన్నిటికన్నా ఇరుకైన చోట), కింది బెర్తు ఎత్తు ఫ్లోరు నుంచి పరుపు పైదాకా, పరుపు నుంచి పై బెర్తు అడుగుదాకా. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. స్లీపర్లో కింది బెర్తు మీద నిటారుగా కూర్చుంటే తల తగులుతుందా లేదా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. నడుం వంచలేనివాళ్లకి అది పెద్ద ప్రశ్న.

ర్యాంపు గురించి ఆశ పెట్టుకోకండి. ర్యాంపుకి ఒప్పుకునే వాలు 1:12. హైడెక్ బస్సులో లోపలి ఫ్లోరు నేలకి 120 సెంటీమీటర్ల ఎత్తుంటే 14.4 మీటర్ల ర్యాంపు కావాలి. అది అయ్యే పని కాదు. లిఫ్టు బిగించిన బస్సులో తప్ప కుర్చీతో సహా లోపలికి పోలేరు. మామూలు మడత వీల్‌చెయిర్ బయటి వెడల్పు 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అది 2+1 స్లీపరు నడవలో పట్టదు.

మీ స్థాయిలో కొనగలిగింది ఇరుకు బోర్డింగ్ కుర్చీ. విమానాల్లో నడవలోంచి తీసుకెళ్లడానికి వాడే రకం: చిన్న చక్రాలు, ఛాతీకీ తొడలకీ కాళ్లకీ బెల్టులు, ముందూ వెనకా పట్టుకునే పిడులు. మీ నడవలో అన్నిటికన్నా ఇరుకైన చోటుకన్నా కనీసం 5 సెంటీమీటర్లు తక్కువ వెడల్పున్నది చూసుకోండి. మనిషిని కింద దానిలోకి మార్చి, బెల్టులు వేసి, ఇద్దరు మెట్లెక్కిస్తారు, లోపల తోసుకుంటూ పోవడమే. చేతులతో ఎత్తుకెళ్లడం కన్నా చాలా క్షేమం, మనిషికీ గౌరవంగా ఉంటుంది.

క్లీనర్లకి ఇవి నేర్పించండి. కుర్చీని చేతిపట్టీలు, కాళ్ల పలకలు పట్టుకుని ఎత్తకూడదు. అవి ఊడి వచ్చే భాగాలు, ఎత్తగానే చేతిలోకి వచ్చేస్తాయి, మనిషి కింద పడతాడు. ముందు బ్రేకులు వేయాలి, పట్టుకుంటే ఫ్రేమునీ వెనక తోసే పిడుల్నీ పట్టుకోవాలి, ఆ పిడుల తొడుగులు వదులుగా లేవని చూసుకోవాలి. మనిషిని చంకల్లో చేతులు పెట్టి గుంజకూడదు, భుజం జారుతుంది. ఎత్తేముందు "ఎలా పట్టుకోమంటారు?" అని అడగాలి. ఆ మనిషికి తన ఒంటి సంగతి అందరికన్నా బాగా తెలుసు. వెంట వచ్చినవాళ్లని కాదు, కూర్చున్న మనిషిని అడగాలి.

కుర్చీ మీది కుషన్ డిక్కీలో వేయకండి, దయచేసి. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకి ఆ చోట స్పర్శ లేకపోవచ్చు, రాత్రంతా గట్టి పరుపు మీద ఒకేచోట ఒత్తిడి పడితే పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పట్టొచ్చు. కుషన్ మనిషితోపాటే బెర్తు మీదకి వెళ్లాలి. కాళ్ల పలకల్లాంటి ఊడే భాగాలన్నీ ఒక సంచిలో వేసి మనిషి దగ్గరే ఉంచండి. కుర్చీని డిక్కీలో అన్నిటికన్నా చివర, బస్తాల పైన పెట్టాలి. ముందు చక్రం వంగితే ఆ మనిషి దిగాక ఒక్క అడుగు కదలలేడు. బ్యాటరీ కుర్చీ అయితే బరువు ముందే అడగండి, కొన్ని 100 కిలోలు దాటతాయి. స్విచ్ ఆపి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, తీగల కొనలు తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేయాలి.

మధ్యలో ఆగే ధాబా దగ్గర మెట్లు లేని, తలుపు 80–90 సెంటీమీటర్లున్న మరుగుదొడ్డి ఉందా లేదా అన్నది కూడా సైటులో రాయండి. లేకపోతే "లేదు" అని రాయండి. యూరిన్ బ్యాగుతో వచ్చేవాళ్లు దాన్నిబట్టి సిద్ధమై వస్తారు. లేదని తెలియక నీళ్లు తాగడం మానేసి ప్రయాణం చేసేవాళ్లున్నారు, అది కిడ్నీలకి చేటు.

మీ ఆఫీసు గుమ్మంలో 15 సెంటీమీటర్ల మెట్టుంటే 1.8 మీటర్ల వాలు చాలు. దానికి నున్నటి టైల్సు వేయకండి, వానలో చక్రం జారుతుంది.

చేతి_మాట

వినపడనివాళ్ల సమస్య అన్నిటికన్నా సులువుగా తీరేది. ప్రయాణికుల వివరాల పేజీలో ఒక టిక్కు పెట్టండి: "నాకు ఫోన్ చేయవద్దు, మెసేజ్ చేయండి." ఎందుకని అడగకండి, సర్టిఫికెట్ అడగకండి. ఆ టిక్కు డ్రైవరు చేతిలో ఉండే చార్టులో పేరు పక్కన పెద్దగా రావాలి. అక్కడికి చేరకపోతే సైటులో ఎంత అందంగా పెట్టినా దండగ.

మెసేజ్ కూడా డ్రైవరు టైపు చేయనక్కర్లేకుండా ముందే రాసిపెట్టండి. "బస్సు 10 నిమిషాల్లో వస్తుంది. బస్సు నంబరు ఇది. రంగు తెలుపు. పెట్రోలు బంకు ముందు ఆగుతుంది." ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతి. పుట్టుకతో వినపడనివాళ్లలో చాలామందికి మొదటి భాష సంజ్ఞా భాష, రాసిన తెలుగు రెండో భాష. "మీరు ఎక్కవలసిన వాహనం ఆలస్యమగుచున్నందుకు చింతించుచున్నాము" అని రాస్తే అసలు సంగతి అందదు. "బస్సు ఆలస్యం. కొత్త టైము రాత్రి 11:20." అంతే.

దిగేచోటు తెల్లవారుజామున క్లీనరు కేకవేసి చెబుతాడు కదా. ఈ టిక్కు ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి, బెర్తు చట్రాన్ని తట్టి లేపాలి. మొహం మీద టార్చి కొట్టకూడదు, భయపడతారు. చూపులేనివాళ్లకి దీనికి సరిగ్గా ఉల్టా: వాళ్లకి ఫోనే చేయాలి, బస్సు ఆగాక దిగి పేరు పెట్టి పిలవాలి. బస్సు వచ్చిన శబ్దం వినపడుతుంది గానీ అది ఏ బస్సో తెలియదు.

సెక్షన్_46

యజమానిని ఒప్పించాల్సి వస్తే ఈ ముక్కలు పనికొస్తాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రభుత్వ సంస్థలకే కాదు, ప్రైవేటుకీ వర్తిస్తుంది. సెక్షన్ 46లో సేవలు అందించేవాళ్లు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, అని స్పష్టంగా ఉంది. ఉల్లంఘనకి సెక్షన్ 89 కింద మొదటిసారి 10 వేల రూపాయల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. వికలాంగులకు అందుబాటు ప్రమాణాలను సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కిందికే వస్తుందని 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో చెప్పింది. సైట్లకీ యాప్‌లకీ భారతీయ ప్రమాణం ఐఎస్ 17802. డెవలపరుకి దాని పేరు చెప్పండి.

రాయితీ ఇవ్వాలనుకుంటే యూడీఐడీ కార్డు (వికలాంగుల జాతీయ గుర్తింపు కార్డు) నంబరు చాలు. సదరం సర్టిఫికెట్ మొత్తం అప్‌లోడ్ చేయించుకోకండి. అందులో మీకు అక్కర్లేని వైద్య వివరాలు ఉంటాయి, వాటిని దాచే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

పల్నాడు_రూట్

అందరికీ చాలా థాంక్సండీ. సీట్ల పటం పని ఈ రోజే మొదలుపెట్టించాను. ఆరో_మెట్టు గారూ, స్లీపరు కొలిచాం. మొదటి మెట్టు 38, మెట్లు నాలుగు, తలుపు 62, నడవ ఇరుకైన చోట 41, కింది బెర్తు 38, పైన ఖాళీ 84. కింది బెర్తు కుర్చీకన్నా తక్కువ ఎత్తులో ఉంది కదా, అంటే మారడం సులువేనా? దీన్ని సైటులో ఎలా రాయమంటారు?

ఆరో_మెట్టు

ఎక్కేటప్పుడు సులువు, దిగేటప్పుడు కష్టం. వీల్‌చెయిర్ సీటు ఎత్తు సుమారు 50 సెంటీమీటర్లుంటుంది. బోర్డింగ్ కుర్చీ కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంటే 38 మీదకి జారడం తేలిక. పొద్దున్నే 38 నుంచి 50కి పైకి రావాలి, ఆ 12 సెంటీమీటర్లు చేతుల బలం ఉన్నవాళ్లకీ కష్టమే. కాబట్టి దిగేచోట తప్పనిసరిగా ఇద్దరుండాలి, డ్రైవరూ క్లీనరే అయితే ఆ స్టాపులో ఇంకో పది నిమిషాలు లెక్కలో వేసుకోండి. వాళ్లని ముందు ఎక్కించండి, చివర దింపండి. నడవ 41 కాబట్టి బోర్డింగ్ కుర్చీ 36కి మించకూడదు. ఇంకో మాట, పైన 84 అంటే పొడగరులు నిటారుగా కూర్చోలేరు, కుషన్ వేస్తే ఇంకా తగ్గుతుంది. అదీ రాయాలి.

ప్రతి బస్సు వివరాల్లో, ఫొటోల పక్కన, మామూలు అక్షరాల్లో ఇలా పెట్టండి:

"ఈ బస్సులో లిఫ్టు, ర్యాంపు లేవు. మెట్లు నాలుగు, మొదటిది 38 సెం.మీ. తలుపు వెడల్పు 62 సెం.మీ., నడవ 41 సెం.మీ. వీల్‌చెయిర్ లోపలికి రాదు, డిక్కీలో పెడతాం. ఇరుకు బోర్డింగ్ కుర్చీ ఉంది, ఇద్దరు సిబ్బంది సాయం చేస్తారు. బోర్డింగ్ కుర్చీ కావాలంటే ఒకరోజు ముందు టిక్కు పెట్టండి లేదా మెసేజ్ చేయండి. మీ బస్సులో పెట్టించి, పెట్టినట్టు తిరిగి మెసేజ్ చేస్తాం. కింది బెర్తు ఎత్తు 38 సెం.మీ., బెర్తు పైన ఖాళీ 84 సెం.మీ. తలుపుకి దగ్గరి సింగిల్ కింది బెర్తు ఎల్ 1. దారిలో ఆగేచోట వీల్‌చెయిర్ వెళ్లే మరుగుదొడ్డి లేదు."

కొలతలు మీవే వాడాను, బెర్తు నంబరు, మరుగుదొడ్డి సంగతి మాత్రం మీరు సరిచూసుకోండి. బోర్డింగ్ కుర్చీ కొన్నాకే దాని వాక్యాలు పెట్టండి. ఆ తిరుగు మెసేజ్ వెళ్లకపోతే మనిషి బోర్డింగ్ పాయింట్‌కి వచ్చి రోడ్డు మీద నిలిచిపోతారు, అందుకే దాన్ని పంపే పని ఆఫీసులో ఒక్కరి పేరు మీదే ఉంచండి.